వాపు తగ్గింది, నొప్పి ఎందుకు తగ్గలేదు? నరాల్లో ‘జీన్స్ మారాయి’ అంటే ఏమిటి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. అమ్మగారికి 58 ఏళ్ళు. ఎనిమిది నెలల కిందట చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది, వేళ్ళ వాపూ చీలమండల వాపూ మూడు నెలల్లో చాలావరకు తీశాయి. ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఇప్పుడు మామూలుగానే ఉన్నాయి. అయినా గిన్నె ఎత్తితే నొప్పి, పొద్దున చల్లనీళ్ళు తగిలితే నొప్పి, గుమ్మానికి వేలు తగిలినా రెండు రోజులు మంచం. డాక్టరుగారు “ఇన్‌ఫ్లమేషన్ (వాపు) వల్ల నరాల్లో జీన్స్ మారాయి” అన్నారు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది: ఇది మ్యుటేషనా, నాకూ నా పిల్లలకూ వస్తుందా, తిరిగి మామూలవుతుందా అని.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ అమ్మగారి జన్యువుల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఇది మ్యుటేషన్ కాదు, క్యాన్సర్‌కు దీనికీ సంబంధం లేదు. మారింది ఆ జన్యువులు పనిచేసే జోరు. కొన్ని ఎక్కువ పనిచేస్తున్నాయి, కొన్ని తక్కువ. ఇది నొప్పిని మోసే నాడీకణాల్లో జరిగే మార్పు. పిల్లలకు మన నుంచి వెళ్ళేది అండం, వీర్యకణం. వాటిలో ఇది ఉండదు. కాబట్టి మీకు గానీ మీ పిల్లలకు గానీ వారసత్వంగా రాదు. ఈ మార్పులో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. కొంత మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. మీ అమ్మగారికి ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నది ఈ నిలిచిపోయిన భాగమే కావచ్చు.

నేను పదేళ్ళు ల్యాబ్‌లో ఈ నాడీకణాల మీదే పనిచేశాను. ఆ తర్వాత నుంచి నొప్పుల క్లినిక్‌లో పేషెంట్లను చూస్తున్నాను. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి. విషయం అర్థమైతే భయం సగం తగ్గుతుంది.

ఈ కణాలు ఎక్కడ ఉంటాయి?

వేలికి నొప్పి పుడితే ఆ కబురు మోసే నాడీకణం వేలిలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. వేలిలో ఉండేది దాని కొస మాత్రమే. కణం అసలు శరీరం, జన్యువులుండే కేంద్రకం, మెడ దగ్గర వెన్నుపాము పక్కన ఒక చిన్న ముడిలో ఉంటుంది. చీలమండల నాడులదైతే నడుము దగ్గర. ఈ ముడిని డార్సల్ రూట్ గాంగ్లియన్ అంటారు. వెన్నెముక పొడుగునా ఇటొకటి అటొకటి జతలుగా ఉంటాయి. ఎలుకలో అది గసగసాల గింజ కంటే కాస్త పెద్దది. తీసి మైక్రోస్కోప్ కింద పెడితే తెల్లగా, కొంచెం మెరుస్తూ, పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలా కనిపిస్తుంది. అందులో వేల కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని గుండ్రంగా కూర్చుని ఉంటాయి. ఒక్కో కణం నుంచి ఒక పోగు బయలుదేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ చర్మానికో కీలుకో పోతుంది, రెండోది వెన్నుపాములోకి. పెద్ద మనిషిలో కాలి బొటనవేలికి వెళ్ళే పోగు దాదాపు మీటరు పొడవు.

అంటే జబ్బు వేలిలో, జన్యువులు మెడలో. ఈ దూరం గుర్తు పెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మొదటి నిమిషాల్లో జన్యువులతో పని లేదు

కీలులో వాపు రాగానే అక్కడి కణాలు రకరకాల రసాయనాలు వదులుతాయి: బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు, టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు. ఇవి నరం కొసను తాకిన నిమిషాల్లోనే అక్కడ ఉన్న ప్రోటీన్లు సున్నితమైపోతాయి. కొత్తగా ఏదీ తయారు కానక్కరలేదు, ఉన్నవాటికే పదును పెరుగుతుంది.

వీటిలో ఒక ప్రోటీన్ గురించి చెప్పి తీరాలి. దాని పేరు టీఆర్‌పీవీ1. మన భాషలో నిప్పుదీ మంటే, కారందీ మంటే, పుండుదీ మంటే. మూడింటికీ ఒకే మాట. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయలోని క్యాప్సైసిన్ ఏ ప్రోటీన్‌ను తాకుతుందో కనిపెట్టినప్పుడు తేలింది కూడా ఇదే: కారాన్నీ వేడినీ పసిగట్టే తలుపు ఒక్కటే. ఈ వరసలో చేసిన పనికే 2021లో జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌కు నోబెల్ వచ్చింది. మామూలుగా ఈ తలుపు సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకుంటుంది. వాపు ఉన్నచోట ఆ హద్దు కిందికి దిగి, ఒంటి వేడి సరిపోయే స్థితికి వస్తుంది. సెగగడ్డ మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తే చుర్రుమనేది అందుకే.

ఈ దశలో నొప్పి మాత్రలు బాగా పనిచేస్తాయి. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించారు. మొదటి వారాల్లో మీ అమ్మగారికి మాత్ర వేసుకున్న గంటలో హాయిగా ఉండి, ఇప్పుడు అదే మాత్రతో అంతగా ఫలితం లేకపోతే, మందు నకిలీదని అనుకోకండి. నొప్పి పుట్టే చోటు మారి ఉండవచ్చు.

కబురు కేంద్రకానికి చేరాక

వాచిన కణజాలం ఎన్‌జీఎఫ్ అనే మరో పదార్థాన్ని కూడా ఎక్కువగా వదులుతుంది. దీన్ని కనిపెట్టిన రీటా లెవీ-మొంటాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ ఇచ్చారు. పిండ దశలో జ్ఞాన నాడులు (నొప్పి లాంటి కబుర్లు మోసే నాడులు) బతికి పెరగడానికి ఇదే ఆధారం. పెద్దయ్యాక ఇదే నొప్పి తీవ్రతను దిద్దే పదార్థం అవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మంలో కొద్దిగా ఎన్‌జీఎఫ్ సూది వేస్తే, ఎర్రదనం, వాపు లేకుండానే, ఆ చోట ఒత్తితే వారాల తరబడి నొప్పి పుడుతుంది. ఈ ఒక్క విషయం చాలు, వాపు కనబడకపోతే నొప్పి ఉండదనే మాట తప్పని చెప్పడానికి.

ఎన్‌జీఎఫ్ నరం కొసన ట్రక్-ఏ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. రెండూ కలిసి ఒక చిన్న సంచిలో కణం లోపలికి వెళ్ళి, పోగు లోపలి పట్టాల మీదుగా కేంద్రకం వైపు ప్రయాణిస్తాయి. వేగం గంటకు కొన్ని మిల్లీమీటర్లు. వేలి నుంచి మెడకు, చీలమండ నుంచి నడుముకు చేరాలంటే రోజులు పడుతుంది. చేరాక క్రెబ్ లాంటి ప్రోటీన్లు మేలుకుని డీఎన్‌ఏ మీద కూర్చుంటాయి. ఏ జన్యువును ఎంతగా చదవాలో అక్కడ మారుతుంది.

జన్యువును పుస్తకంలో పేజీ అనుకోండి. కణం ఆ పేజీని నేరుగా వాడదు, జిరాక్స్ తీసి వాడుతుంది. ఆ జిరాక్సే ఎంఆర్‌ఎన్‌ఏ. దాన్ని చూసే ప్రోటీన్ తయారవుతుంది. మీ డాక్టరుగారు “జీన్స్ మారాయి” అన్నది ఈ జిరాక్సుల లెక్క గురించి. పుస్తకం చెక్కుచెదరలేదు.

వేటికి జిరాక్సులు పెరుగుతాయి? సబ్‌స్టెన్స్-పి, సీజీఆర్‌పీ అనే రెండు పెప్టైడ్లకు (చిన్న ప్రోటీన్ ముక్కలకు) బాగా పెరుగుతాయి. ఇవి వెన్నుపాములో నొప్పి కబురును గట్టిగా వినిపిస్తాయి. నరం కొస నుంచి బయటికి కూడా కారి, అక్కడి రక్తనాళాలను వెడల్పు చేసి మరింత వాపు తెస్తాయి. వాపు నరాన్ని రెచ్చగొడితే నరం వాపును రెచ్చగొడుతుందన్నమాట. బీడీఎన్‌ఎఫ్ అనే మరొకటి పెరిగి వెన్నుపాములోని తర్వాతి కణాలను కూడా సున్నితం చేస్తుంది. నరంలో కరెంటు పుట్టించే సోడియం ఛానళ్ళు, ముఖ్యంగా ఎన్‌ఏవీ1.7, ఎన్‌ఏవీ1.8 పెరుగుతాయి.

ఇందులో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. సబ్‌స్టెన్స్-పి మామూలుగా నొప్పిని మోసే సన్నని నాడుల్లోనే ఉంటుంది. మెత్తని స్పర్శను మోసే లావు నాడులు దాన్ని చేయవు. ఇన్‌ఫ్లమేషన్ వచ్చాక ఆ స్పర్శ నాడులు కూడా దాన్ని తయారుచేయడం మొదలుపెడతాయని 1996లో ఎలుకల్లో చూపించారు. అంటే దుప్పటి తగలడం, చేయి నిమరడం లాంటి కబుర్లు మోసే నాడి నొప్పి భాష మాట్లాడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక టైలరు గారు, చికున్‌గున్యా తగ్గి ఐదు నెలలైనా “గుడ్డ తగిలితే నొప్పండీ, నా పనే గుడ్డతో” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇంట్లోవాళ్ళు ఆయన్ని నమ్మడం లేదు. రిపోర్టులన్నీ నార్మల్. నేను ఆ రోజు ఆయన భార్యను కూడా లోపలికి పిలిచి, కాగితం మీద ఈ రెండు రకాల నాడుల బొమ్మ వేసి చెప్పాను. మందు రాయకముందే ఆయన ముఖం తేటపడింది.

జిరాక్సులు పెరగకుండా కూడా ప్రోటీన్ పెరుగుతుంది

ల్యాబ్‌లో నాకు బాగా గుర్తుండిపోయిన అనుభవం ఇది. ఎలుక పాదంలో వాపు తెప్పించి, కొన్ని రోజుల తర్వాత నడుము దగ్గరి ముడుల నుంచి కణాలు వేరుచేసి పళ్ళెంలో పెంచాను. కాల్షియం పెరిగితే వెలుగు మారే రంగు పట్టించి, మిరప క్యాప్సైసిన్ చుక్క వేశాను. స్క్రీన్ మీద చీకట్లో ఒక్కొక్క కణం వెలిగింది. వాపు లేని వైపు కణాల కంటే వాపు ఉన్న వైపు ఎక్కువ కణాలు వెలిగాయి, ఎక్కువసేపు వెలిగాయి. సరే, టీఆర్‌పీవీ1 జన్యువు జోరు పెరిగి ఉంటుందని ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచాను. పెరగలేదు. మళ్ళీ కొలిచాను. పెరగలేదు.

సీనియర్ ఒకరు 2002లో నొప్పి పరిశోధకుడు క్లిఫర్డ్ వుల్ఫ్ ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితాన్ని గుర్తుచేశారు. ఎన్‌జీఎఫ్ కణంలో పీ38 అనే ఎంజైమును మేలుకొలుపుతుంది. దాంతో అదే సంఖ్య జిరాక్సుల నుంచి ఎక్కువ ప్రోటీన్ తయారై పోగుల కొసలకు చేరుతుంది. జిరాక్సుల లెక్క మారదు, ఒక్కో కాపీతో జరిగే పని పెరుగుతుంది. ప్రోటీన్‌కు రంగు పట్టించి చూస్తే నాకూ అదే కనబడింది. “జీన్స్ మారాయి” అన్న మాటను యథాతథంగా తీసుకోవద్దని నేను చెప్పేది అందుకే. కొన్ని మార్పులు జన్యువును చదివే దగ్గర, కొన్ని ప్రోటీన్ తయారీ దగ్గర, కొన్ని తయారైన ప్రోటీన్ పదును దగ్గర జరుగుతాయి. మూడు అంచెలకూ తీరే గడువు వేరు.

“నరాల నొప్పి” అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి

డిస్కు నరాన్ని నొక్కినా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, చికున్‌గున్యా తర్వాత కీళ్ళు పట్టేసినా మనవాళ్ళు నరాల నొప్పి అనే అంటారు. కణం లోపల చూస్తే ఇవి చాలా విషయాల్లో ఒకదానికొకటి వ్యతిరేకం. వాపులో సబ్‌స్టెన్స్-పి, సీజీఆర్‌పీ పెరుగుతాయని చెప్పాను కదా, నరం తెగితే ఆ కణంలో ఈ రెండూ తగ్గుతాయి. వాటి బదులు గలానిన్ లాంటి వేరే పెప్టైడ్లు పెరుగుతాయి. కారణం మళ్ళీ ఎన్‌జీఎఫే: వాపులో అది వెల్లువలా అందుతుంది, తెగిన నరానికి సరఫరా ఆగిపోతుంది. మార్ఫిన్ పనిచేసే గ్రాహకాలు కూడా వాపులో పెరుగుతాయి, నరం దెబ్బతింటే తగ్గుతాయి.

అందుకని పక్కింటి వాళ్ళకు సయాటికాకు రాసిన ప్రెగాబాలిన్ తెచ్చి అమ్మగారికి వేయకండి. ఇది నేను తరచుగా చూసే పొరపాటు. ఆమెకు మత్తుగా ఉంటుంది, తూలుతుంది, నొప్పి మాత్రం అలాగే ఉండొచ్చు.

చిన్న దెబ్బకే రెండు రోజులు ఎందుకు?

మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఇది. నొప్పి పరిశోధకుడు జాన్ లెవీన్ బృందం ఎలుకల్లో ఈ సంగతిని ఏళ్ళ తరబడి పరిశీలించింది. పాదంలో ఒకసారి వాపు తెప్పించి, పూర్తిగా తగ్గనిస్తారు. పైకి ఎలుక మామూలుగానే ఉంటుంది. వారాల తర్వాత అదే చోట కొద్దిగా ప్రోస్టాగ్లాండిన్ వేస్తారు. వాపు ఎరుగని ఎలుకలో ఆ నొప్పి నాలుగు గంటల్లోపు పోతుంది. ఒకసారి వాచి తగ్గిన పాదంలో 24 గంటలు దాటి ఉంటుంది. నాడీకణం లోపల పాత దారికి తోడు కొత్త దారి ఒకటి తెరుచుకుని ఉండిపోతుంది, పీకేసీ-ఎప్సిలాన్ అనే ఎంజైము మీదుగా. పైగా జ్ఞాన నాడీకణాలు చర్మకణాల్లా రాలి కొత్తవి పుట్టవు. మనతో పాటు జీవితాంతం ఉండేవి అవే. జరిగిన మార్పు ఆ కణంలోనే తీరాలి.

గుమ్మానికి వేలు తగిలితే అమ్మగారు రెండు రోజులు పడుకోవడం గారాబం కాదు. జబ్బు తిరగబెట్టిందని కూడా వెంటనే అనుకోనక్కరలేదు. వాపు లేకుండా నొప్పి మాత్రమే వచ్చి రెండు మూడు రోజుల్లో దిగితే, ఇది ఆ కోవలోదే అయ్యే అవకాశం ఎక్కువ.

మరి దీనికి నేరుగా మందు లేదా?

ప్రయత్నాలు జరిగాయి. ఎన్‌జీఎఫ్‌ను పట్టి ఆపే టానెజుమాబ్ అనే ఇంజెక్షన్ కీళ్ళ అరుగుదల నొప్పిని తగ్గించింది. కానీ కొందరిలో కీలు చాలా వేగంగా పాడైపోయింది. 2021లో అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ సలహా కమిటీ దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది, కంపెనీలు దాన్ని ఆపేశాయి. సీజీఆర్‌పీని ఆపే మందులు 2018 నుంచి మైగ్రేన్‌కు వాడుకలో ఉన్నాయి, కీళ్ళకు కాదు. ఎన్‌ఏవీ1.8 ఛానల్‌ను ఆపే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ ఆపరేషన్ తర్వాతి లాంటి తాజా నొప్పికి. యూట్యూబ్‌లో ‘నరాల జీన్స్ రీసెట్ చేసే’ పొడులు అమ్మేవాళ్ళకు దయచేసి డబ్బు కట్టకండి.

నేను చేసేది చెబుతాను. మిగిలి ఉన్న వాపు ఏమైనా ఉంటే దాన్ని పూర్తిగా తీసేయడం మొదటి పని, ఎందుకంటే కొసన ఎన్‌జీఎఫ్ అందుతున్నంత కాలం పైన కేంద్రకం జోరు తగ్గదు. తర్వాత రోజూ కదలిక. వేళ్ళకు గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ముడిచి తెరవడం, చీలమండలకు కూర్చునే తిప్పడం. నొప్పి కొంచెం పెరిగినా గంటలో దిగిపోతే ఆ మోతాదు సరైనదే. మర్నాటిదాకా ఉంటే సగం చేయండి. నిద్ర సరిగా లేకపోతే దాని సంగతి విడిగా చూడాలి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో స్టెరాయిడ్ సూది వేయించుకుని, వేసిన రెండు రోజులు ఎగిరి గంతేసి, ఆరు నెలల్లో షుగర్ తెచ్చుకున్న వాళ్ళను చూశాను. రోజూ డైక్లోఫెనాక్ మింగి కిడ్నీ పాడుచేసుకున్న వాళ్ళనూ చూశాను. స్టెరాయిడ్‌కు చోటు ఉంది, కానీ కీళ్ళ డాక్టరు చేతిలో, లెక్కతో.

ఒక జాగ్రత్త. నేను ఇంతసేపు నాడీకణాల గురించి రాశాను కదా అని అన్నిటినీ వాటి మీదికి తోయకండి. 2005 చివర్లో మొదలై 2006లో రాయలసీమ ఊళ్ళను చికున్‌గున్యా మంచాన పడేసినప్పటి నుంచీ చూస్తున్నదే, కొందరిలో అది అసలైన కీళ్ళవాతంలా ముదురుతుంది. మూడేళ్ళ కిందట ఒకావిడను “నరాల సున్నితత్వమే” అని వేరేచోట పంపించేశారు. సీఆర్‌పీ కూడా మామూలుగానే ఉంది. ఆమె వేలి మధ్య కణుపులను రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కితే నాకు మెత్తగా, నానిన శనగపప్పులా తగిలింది. అల్ట్రాసౌండ్ తీయిస్తే కీలు పొర ఇంకా వాచి ఉంది. ఆమెకు కావలసింది కీళ్ళవాతం మందు. అది మొదలుపెట్టాక నాలుగు నెలలకు చపాతీ పిండి కలుపుతున్నానని చెప్పింది.

కాబట్టి మీరు ఈ వారం చేయాల్సింది ఇది. పొద్దున లేచాక అమ్మగారి వేళ్ళ బిగుతు ఎన్ని నిమిషాలకు వదులుతోందో రోజూ కాగితం మీద రాయండి. కణుపులు మెత్తగా ఉబ్బాయేమో, ఉంగరం వేలికి ఎక్కుతోందో లేదో కూడా రాయండి. బిగుతు రోజూ అరగంట దాటుతుంటే, లేదా ఒక్క కణుపైనా ఉబ్బి ఉంటే, ఆ కాగితం పట్టుకుని కీళ్ళ డాక్టరును (రుమటాలజిస్టును) కలిసి వేళ్ళకు అల్ట్రాసౌండ్ అడగండి. పది నిమిషాల్లో వదులుతూ, ఉబ్బు లేకుండా ఉంటే పైన చెప్పిన కదలికలు ఆరు వారాలు చేయించి, ఎలా ఉందో ఇక్కడే రాయండి. నేను చూస్తాను.